పేజీ అడుగున పెద్దమ్మ పేరు

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున శ్రావ్య అనే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. తుర్కయంజాల్‌లో బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగి, మెట్రో స్టేషన్ కింద నిలబడి మూడుసార్లు ఫోన్ చేసింది. మా గల్లీ ఒకప్పుడు చెట్టు గుర్తుతో చెబితే దొరికేది. ఇప్పుడు మొబైల్ షాపు పక్కన అని చెబితే ఏ మొబైల్ షాపు అంటారు. చివరికి నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ఆ అమ్మాయి ఆడవాళ్ళ పనిపాటల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మంచినీళ్ళు తాగి, సంచిలోంచి ఒక పాత ఎం.ఫిల్. వ్యాసం జిరాక్స్ కాపీ తీసి నా ముందు పెట్టింది. మొదటి పేజీ చూడగానే గుర్తుపట్టాను. అది నేను కొట్టిన టైపు. ఆ మిషన్ మీద 'ర' ఎప్పుడూ వరుస నుంచి కొంచెం కిందికి జారేది.

"ఆంటీ, ఇది మీరే టైప్ చేసిన్రట కదా. ఇది రాసిన సువర్ణ మేడమ్‌కు ఫోన్ చేస్తే మిమ్మల్నే అడగమన్నరు. ఆమె నోటు పుస్తకాలు ఇల్లు మారినప్పుడు పోయినయంట."

"అవునమ్మా, నేనే."

"దీంట్ల ఒక ఆసు పాట ఉంది. కింద ఫుట్‌నోట్‌ల పుస్తకం పేరు, పేజీ నంబరు ఇచ్చిన్రు. ఆ పుస్తకం కోసం నాలుగు లైబ్రరీలు తిరిగిన. దొరికింది. పేజీ తీసి చూస్తే అండ్ల ఈ పాట లేదు ఆంటీ. ఇంకేదో పాట ఉంది. మా గైడ్ మేడమ్ ఏమంటున్నరంటే, ఇది సువర్ణ మేడమ్ సొంతంగ కల్పించుకున్నదేమో, నీ థీసిస్‌ల పెట్టకు, తీసేయ్ అంటున్నరు."

"తీసెయ్యొద్దు" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది ఆ మాట. పిల్ల బెదిరి నా మొహం చూసింది. "పాట నిజం. ఫుట్‌నోట్ అబద్ధం. అది సువర్ణ రాసింది కాదు, నేను రాసింది."

నేను ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళు దాచుకున్న సంగతి అది. చెప్పాలంటే మా పెద్దమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

పెద్దమ్మ పేరు అండాలు. మా అమ్మకు సొంత అక్క. అమ్మ పోయాక నన్ను తెచ్చుకుని పెంచింది. పోచంపల్లి వైపు మగ్గాల ఊరు మాది. పెదనాన్నకు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో పని దొరికితే కొత్తపేటలో ఇల్లు కిరాయికి తీసుకున్నారు. పండ్ల మార్కెట్ అప్పటికి బాటసింగారం పోలేదు, మా వెనకనే ఉండేది. ఎండాకాలం వస్తే ఇంట్లో ఏ మూల నిలబడినా మాగిన మామిడిపళ్ళ వాసన, ఎండుగడ్డి వాసన. బట్టలు ఆరేసినా అదే వాసన పట్టేది. ఇంటి ముందరి గదిలో గోడకు ఆనించి పెద్దమ్మ ఆసు ఉండేది. చూడనివాళ్ళకు చెప్పాలంటే, సగం చందమామలా వంచిన చెక్క, దాని వంపు పొడుగునా మేకులు, దానికి ఎదురుగా మధ్యలో ఒక్కటే మేకు. చీరకు రంగులు అద్దడానికి ముందు పట్టు పోగును ఆ ఒక్క మేకు నుంచి వంపులోని ఒక్కో మేకుకు తీసుకుపోయి తీసుకురావాలి. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు పోయి రావాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. అది ఆడవాళ్ళ పని. నేసినవాళ్ళకు పేరు వస్తుంది, ఆసు పోసినవాళ్ళకు భుజం నొప్పి వస్తుంది. పెద్దమ్మ కుడి భుజం ఎడమ భుజం కంటే రెండు వేళ్ళంత కిందికి ఉండేది. ఊరి నుంచి బంధువులు పట్టు కట్టలు బస్సు మీద పంపేవాళ్ళు. ఎల్బీ నగర్‌లో కండక్టర్ దగ్గర తీసుకోవడం నా వంతు.

పొద్దున్నే లేచి, చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగి, మోచేతి దాకా ఆముదం రాసుకుని కూర్చునేది. చేత్తో పోగు లాగుతూ ఒక పాట అనేది. పాడేది అనలేను, గొణిగేది. మేకుల లెక్క తప్పకుండా ఆ పాట. అందులో అంకెలు లేవు, పేర్లు ఉన్నాయి. "రామక్క మేకు రమ్మన్నది, ఎల్లమ్మ మేకు ఎదురొచ్చె, నర్సమ్మ మేకు నవ్విందమ్మ..." ఇలా పదకొండు పేర్లు. పదకొండు అయ్యాక మళ్ళీ రామక్క. ఎవరు వీళ్ళంతా అని చిన్నప్పుడు అడిగాను. రామక్క ఎల్లమ్మకు ఆసు నేర్పింది, ఎల్లమ్మ నర్సమ్మకు నేర్పింది, అట్లా దిగి దిగి పదకొండో ఆమె సాయమ్మ మా పెద్దమ్మకు నేర్పింది. నేర్చుకున్న పిల్ల తన గురువు పేరు పాట చివర కలపాలి. అది వాళ్ళ కట్టుబాటు.

"మరి నీ పేరు లేదేంది పెద్దమ్మా?"

"నా పేరు నేనేసుకుంటనా? నా తాన నేర్సుకున్నోళ్ళు ఏస్తరు. సొంత పేరు సొంతంగ ఏసుకుంటే ఆసుల పోగు తెగుతది."

"ఎవరు నేర్చుకుంటరు?"

"నువ్వు నేర్సుకో."

"నాకు టైపు మిషన్ చాలు."

"అది సుత ఆసే గదనే. పోవుడు, వచ్చుడు" అని నవ్వింది. నేను నేర్చుకోలేదు.

పేరు చెప్పడం ఆమెకు పాట వరకే కాదు. వంటింట్లో ప్రతిదానికీ ఒక సొంతదారు ఉండేది. పచ్చిపులుసులో కాల్చిన మిరపకాయ నలిపితే అది బాలమ్మ పచ్చిపులుసు. జొన్నరొట్టెను నీళ్ళచెయ్యితో తడితే అది ముత్యాలు అనే ఆమె రొట్టె. వచ్చినవాళ్ళు బాగుందంటే "నాది గాదు, బాలమ్మది" అనేది. బాలమ్మ ఎవరో వాళ్ళకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నాకు అది చాదస్తంలా కనిపించేది. "పులుసుకు కూడా పట్టా పాస్‌బుక్కా పెద్దమ్మా" అని ఎగతాళి చేసేదాన్ని.

నా లోకం వేరు. ఇంటర్ రెండుసార్లు తప్పి, టైపు నేర్చుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టైపు సెంటర్లో చేరాను. ఆ వెనక సందులో శాఖా గ్రంథాలయం ఉండేది. ఒకటే గది. పేపర్ల ముందు రిటైరైన పెద్దమనుషులు, వెనక నాలుగు ఇనుప బీరువాలు. సాయంత్రం పని అయ్యాక తాళం వేసేదాకా అక్కడే కూర్చునేదాన్ని. మొదటి బీరువా పై అర నుంచి మొదలుపెట్టి వరసగా చదివాను. అర్థమైనా కాకపోయినా సరే. చదివిన ప్రతి పుస్తకం పేరు, రాసినవారి పేరు, నచ్చిన మాట ఉన్న పేజీ నంబరు ఒక నోటు పుస్తకంలో ఎక్కించేదాన్ని. పెద్ద పుస్తకాలలో పేజీ అడుగున సన్న అక్షరాలతో ఎవరెవరి నుంచి ఏం తీసుకున్నారో రాయడం చూసి ముచ్చటపడ్డాను. డిగ్రీ చదివినవాళ్ళు కూడా అవి వదిలేసి చదువుతారు, నేను వదలను. ఆ లైబ్రేరియన్ సారు ఒకసారి బీరువా తాళాలు నా చేతికిచ్చి "నువ్వే తీసుకో తల్లీ, ఏది ఎక్కడుందో నాకంటే నీకే తెలుసు" అన్నాడు. ఆ రోజు ఇంటిదాకా నడిచే వచ్చాను, బస్సెక్కాలనే గుర్తు రాలేదు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. లేదంటే ఇంకో అబద్ధం అవుతుంది.

సువర్ణ మా మేడ మీద గదిలో కిరాయికి దిగింది. ఆంధ్రా వైపు అమ్మాయి, ఎం.ఫిల్. చదువుతోంది. నాకంటే ఒక ఏడాది పెద్దదేమో. పెద్దమ్మ పాట పైనుంచి విని కిందికి దిగొచ్చింది. "అండాలుగారూ, ఇంకోసారి చెప్పండి, మెల్లిగా, నేను రాసుకుంటాను" అని రోజూ వచ్చి ఆసు పక్కన కూర్చునేది. "ఏందమ్మా సువర్ణా, మా గొణుగుడు గూడ కాలేజీల చెప్తరా?" అనేది పెద్దమ్మ. అన్నదే కానీ, సువర్ణ వచ్చే వేళకు తల దువ్వుకుని సిద్ధంగా ఉండేది. పెదనాన్న పోయాక ఆమె ఉతికిన చీర కట్టుకుని ఎవరికోసమైనా ఎదురుచూడటం నేను అప్పుడే చూశాను. ఒకరోజు తనే అడిగింది. "బుక్కుల నా పేరు ఏస్తరా?" సువర్ణ ఎందుకు వెయ్యనండీ అంది. "అయితే ముందుగాల ఆ పదకొండు మందివి ఏయాలె. రామక్క కాడికేంచి సాయమ్మ దాకా అయినంక, కింద నాది. నువ్వు ఏస్తున్నవు గాబట్టి తప్పు గాదు."

సువర్ణ అలాగే రాసింది. చేతిరాత ప్రతిలో పదకొండు పేర్ల పాట మొత్తం, పేజీ అడుగున 'చెప్పినవారు: అండాలు, ఆసు పోసే పని, కొత్తపేట' అని. దాన్ని ఆమె గైడు సారు ఎర్రసిరాతో కొట్టేశాడు. కాగితాలు ఇవ్వాల్సిన గడువు నాలుగు రోజులే ఉంది. సువర్ణ మా టైపు సెంటరుకు వచ్చి ఏడ్చింది. "చదువురాని మనిషి మాట ఆధారం ఎలా అవుతుంది, అచ్చయిన పుస్తకం చూపించు అంటున్నారు విజయా. పేర్లన్నీ ఎందుకు, మూడు పెట్టి చుక్కలు పెట్టమన్నారు. పుస్తకం నేనెక్కడ తెచ్చేది?"

"నేను తెస్తా" అన్నాను.

అంత తొందరగా అన్న మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. నాకు బీరువాలన్నీ తెలుసు. ఆ సాయంత్రమే మూడో బీరువాలో పాటల సంకలనం ఒకటి తీశాను. నా జ్ఞాపకం తప్పలేదు, అందులో ఆసు పాట ఉంది. "ఒకటో మేకుకు ఒక పోగు, రెండో మేకుకు రెండు పోగులు" అని ఐదే వరసలు. పేర్లు లేవు. అది వేరే ఊరి పాట అని నాకు తట్టలేదు. నాకు తట్టింది ఇంకా దారుణం. అచ్చులో ఉన్నది అసలు పాట, మా పెద్దమ్మది నోళ్ళలో పడి చెడిపోయిన పాట అనుకున్నాను. ఆమె ఇంట్లో తిని, ఆమె ఆముదం వాసనలో పెరిగి, ఆమె మాటకు అచ్చుకాగితమంత విలువ ఇవ్వలేకపోయాను. సువర్ణతో "దొరికింది, పేజీ నంబరుతో సహా" అన్నాను. ఆమె పుస్తకం అడగలేదు. నా మీద నమ్మకం ఆమెకు. మర్నాడు టైపు మిషన్ మీద మూడు పేర్లు కొట్టి, చుక్కలు కొట్టాను. చుక్క మీట కొడుతూ పోతే ఎన్ని పడ్డాయో లెక్కపెట్టలేదు. తెలుగు మిషన్ మీద ఫుట్‌నోట్ కొట్టాలంటే అడుగున ఎన్ని వరసలు వదలాలో ముందే చూసుకోవాలి. పెద్దమ్మ పేరుకైతే రెండు వరసలు పట్టేవి. పుస్తకం పేరు ఒక్క వరసలో సరిపోయింది. చక్కగా కుదిరిందని ఆ పూట సంబరపడ్డాను కూడా.

సువర్ణకు డిగ్రీ వచ్చింది. ఉద్యోగం వచ్చి వేరే ఊరు పోతూ పెద్దమ్మకు చీర పెట్టి కాళ్ళకు మొక్కింది. పేరు పడలేదని ఆమెకు చెప్పలేక నావైపు చూసి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళిన వారానికి పెద్దమ్మ అడిగింది. "విజ్జీ, బుక్కు అయిపోయిందంట గదా. నా పేరు ఏసిన్రా?"

"ఏసిన్రు పెద్దమ్మా."

"సూపెట్టు."

నా దగ్గర ఒక జిరాక్స్ పేజీ ఉంది. తెచ్చాను. ఆమె ఆసు ముందు నుంచి లేచి, చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని వచ్చి కూర్చుంది. "యాడ?" అంది. నేను పేజీ అడుగున ఆ పుస్తకం పేరు మీద వేలు పెట్టాను. "ఇగో, ఇక్కడ."

"గింత సన్నగనా?"

"అడుగున అట్లనే రాస్తరు."

"కిందనే ఉండాలె. మంచిగయింది" అంది. తర్వాత "మా వాళ్ళందరియి ఉన్నయా? సదువు" అంది.

చదివాను. మూడు పేర్లు కాగితం మీద చూసి, మిగిలినవి చుక్కల మీద వేలు జరుపుకుంటూ. అప్పుడు నాకు పదకొండూ నోటికి వచ్చు. ఒక్కో పేరుకు పెద్దమ్మ వేళ్ళు కళ్ళకు అద్దుకుంది. సాయమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అయిపోయిందా? ఒక్కరు గూడ పోలే?" అంది. పోలేదన్నాను. ఆ కాగితం నాకియ్యి అని తీసుకుంది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆసు పోయడానికి చెయ్యి లేవకపోయినా గొణుగుడు మానలేదు. చెప్పాలనుకున్నాను. ఒకసారి దవాఖానలో, ఆమె మంచం పక్కన కూర్చుని, నోటిదాకా వచ్చింది. పక్క మంచం ఆమెతో పెద్దమ్మ అప్పుడే చెబుతోంది: "నా పేరు బుక్కుల ఉన్నది. మా బిడ్డనే మిషన్ మీద కొట్టింది." నేను బత్తాయి ఒలిచి చేతిలో పెట్టాను. అంతే.

ఆమె పోయాక పదో రోజు ఆమె రేకు డబ్బా తెరిచాను. పెదనాన్న కళ్ళద్దాలు, రెండు వెండి మెట్టెలు, ఒక పట్టు పోగుల ఉండ, వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన జిరాక్స్ కాగితం. మడతల దగ్గర చిరిగితే వెనకనుంచి అన్నం మెతుకులతో కాగితం అంటించింది. పేజీ అడుగున నేను వేలు పెట్టిన చోట కుంకుమ బొట్టు. ఒక్కసారి పెట్టింది కాదు, పండుగ పండుగకూ పెట్టినట్టు అట్టకట్టింది. ఆ బొట్టు కింద ఉన్నది ఎవరో తెలియని మనిషి పుస్తకం పేరు.

ఇదంతా శ్రావ్యకు చెప్పాను. ఆ పిల్ల ముందు రేకు డబ్బా పెట్టాను. కాగితాన్ని ముట్టుకోకుండా వంగి చూసింది. తర్వాత మెల్లగా పెన్ను తీసింది. "ఆంటీ, ఇప్పుడు ఫోన్‌ల రికార్డు చేసుకుంటరు. చెప్పినవారి పేరు, వయసు, ఊరు అన్నీ రాయాలె, సంతకం గూడ తీసుకోవాలె. చదువు రాకున్నా ఫర్వాలేదు, అది గూడ ఆధారమే" అంది. ఓదార్పుగానే అంది. నాకు మాత్రం ఆ మాట ఎక్కడో తగిలింది. ఆ రోజుల్లో ఈ మాట ఒక్కరు అని ఉంటే అనుకున్నాను. అనకపోతే ఏం, నాకు తెలియొద్దా? పులుసుకు కూడా పేరు చెప్పే మనిషి ఇంట్లో పెరిగాను కదా.

పాట చెప్పమంది. ఫోన్ బల్ల మీద పెట్టింది. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. రామక్క, ఎల్లమ్మ, నర్సమ్మ, బుచ్చమ్మ, లచ్చుమమ్మ, పోచమ్మ. ఏడో పేరు రాలేదు. మళ్ళీ మొదటినుంచి అన్నాను. ఆరు దాకా పరుగెత్తినట్టు వచ్చాయి, ఏడో దగ్గర ఆగిపోయింది. ఎనిమిది నుంచి సాయమ్మ దాకా ఉన్నాయి. ఏడో పేరు దగ్గర పెద్దమ్మ ఊపిరి తీసుకునేది, ఆ ఊపిరి చప్పుడు ఒక్కటే గుర్తుంది. ఊరికి ఫోన్ చేసి అడిగాను. ఆసుకు ఇప్పుడు మిషన్లు వచ్చాయి, ఆ పాట తెలిసినవాళ్ళు లేరన్నారు.

"ఏం రాయాలె ఆంటీ? ఆడ చుక్కలు పెట్టనా?"

"చుక్కలు పెట్టకు. పాట చెప్పినామెకు ఏడో పేరు గుర్తు లేదు అని రాయి."

"గట్ల రాస్తే బాగుంటదా?"

"బాగుండదు. అట్లనే రాయి. పాత ఫుట్‌నోట్ తప్పు, అది టైపు చేసినామె పెట్టింది, సువర్ణ మేడమ్ కల్పించలేదు అని కూడా రాయి."

"మీ పేరు పెట్టమంటరా?"

"పెట్టు."

ఆ పిల్ల రాసుకుని తలెత్తింది. "మరి పాట చివర్ల అండాలు గారి పేరు కలపాలె కదా? పన్నెండో మేకు?" ఎంత ఆశగా అడిగిందో! నాకూ ఆశ పుట్టింది. కలిపితే ఎవరికి తెలుస్తుంది? కానీ ఆ పేరు కలపాల్సింది ఆసు నేర్చుకున్నవాళ్ళు. నేను నేర్చుకోలేదు. నేర్చుకోనిది నేర్చుకున్నట్టు రాస్తే అది ఇంకో దొంగ ఫుట్‌నోట్ అవుతుంది. వద్దన్నాను. "పేజీ అడుగున రాయి, చాలు. ఆమె అడిగింది అదే."

పోయిన వారం శ్రావ్య ఆ పేజీ ఫోన్‌కు పంపింది. గైడ్ మేడమ్ చూద్దామన్నదట, ఇంకా ఏమీ చెప్పలేదు. మెట్రో మెట్ల కింద జిరాక్స్ షాపులో ప్రింటు తీయించాను. కొత్తపేట మీదుగా రైలు పోతుంటే మార్కెట్ ఉన్న చోటు కిటికీలోంచి చూస్తాను, ఆ మామిడిపళ్ళ వాసన ఇప్పుడు ఎక్కడా లేదు. లైబ్రరీ ఉన్న సందులో ఇప్పుడు కోచింగ్ సెంటర్ల బోర్డులు. ఇంటికి వచ్చి రేకు డబ్బా ముందు పెట్టుకుని పేజీ చదివాను. అడుగున సన్న అక్షరాల్లో ఉంది: 'పాట అండాలుది. ఆసు పోసే పని, కొత్తపేట. ఆమె దగ్గర విని చెప్పినవారు...' తర్వాత నా పేరు. ఆమె పేరు మీద వేలు పెట్టాను. ఈసారి వేలు సరైన చోటే ఉంది. యాడ అని అడిగే మనిషి లేదు.

పొద్దున చాయ్ తాగి ఖాళీ గోడ ముందు కూర్చుని, గాలిలోనే చెయ్యి అటూ ఇటూ తిప్పుతూ పేర్లు అంటున్నాను. చేతికైనా గుర్తుంటుందేమోనని. రామక్క, ఎల్లమ్మ, నర్సమ్మ, బుచ్చమ్మ, లచ్చుమమ్మ, పోచమ్మ. ఊపిరి తీసుకుంటాను. చెయ్యి అక్కడే ఆగుతుంది.